లంకనుండి సేన మరలుట: యుద్ధకాండమునందలి యొక విచారము

పరదేశమునకు యుద్ధార్థమై పోయిన సేన యచట నెంతకాలము నిలువవలెనను ప్రశ్న రాజనీతిజ్ఞులదే కాని సాహిత్యవిమర్శకులది కాదని కొంద రనవచ్చును. అదియే నిజమైనచో రామాయణమున యుద్ధకాండము రావణవధతో ముగియవలసి యుండెను. అట్లు ముగియలేదు. రావణుడు కూలిన పిదప సేనను మరలించుటకై వాల్మీకి పెక్కు సర్గములు వెచ్చించెను. మన పౌరాణికులును, పాఠశాలలయందలి పండితులును ఈ భాగమును పట్టాభిషేకమునకు దారిగా మాత్రమే యెంచి త్వరగా దాటింతురు. సీతాగ్నిప్రవేశ మొక్కటి చర్చకు వచ్చును. తక్కినది కథాపూరణమని తలచుట పరిపాటి యైనది. ఇట్లు దాటవేయబడిన భాగమున సేనానివృత్తిని గూర్చిన యొక క్రమబద్ధమైన విచారము గలదనియు, దానిని మన కాలపు లంకాయాత్రతో సరిచూచినచో రెండును మరింత స్పష్టపడుననియు ఈ వ్యాసమున నిరూపింప దలచితిని.

మన కాలపు లంకాయాత్ర యనగా 1987 మొదలు 1990 వఱకు శ్రీలంకలో నిలిచిన భారతశాంతిరక్షకసేన వృత్తాంతము. దీనిని యుద్ధకాండముతో జతపఱచుట కేవలము పేరుల సామ్యముచేత గాదు. సికిందరాబాదునుండి హకీంపేట, శామీర్పేటల మీదుగా అలియాబాదును దాటి కరీంనగరమునకు బోవు బాటకు రాజీవ రహదారి యని పేరు. ఆ బాట మొదలనున్న సికిందరాబాదు దండునందు ఆనాడు విడిసియుండిన 54వ పదాతి విభాగమే 1987లో మొట్టమొదట లంకకు దరలినది. ఆ బాటకు బేరైన రాజీవ్ గాంధీయే ఆ సేనను బంపిన ప్రధానమంత్రి. ఆ బాట చేరు కరీంనగరప్రాంతమున, వంగర గ్రామమున బెరిగిన పాములపర్తి వేంకట నరసింహారావుగారు, సేనను మరలించుటను గూర్చిన వాదము ముదిరిన కాలమున విదేశవ్యవహారముల మంత్రిగా నుండిరి. ఇక అలియాబాదునకు ఆగ్నేయమున గొలదిక్రోసుల దూరమున కీసరగుట్ట గలదు. లంకాయుద్ధానంతరము రాముడు రావణవధాదోషపరిహారార్థ మచట శివలింగమును ప్రతిష్ఠించెనని స్థలపురాణము. రెండు లంకాయాత్రల గుర్తులును ఇట్లొక్క ప్రాంతమున గలిసి యుండుటచేత వానిని గలిపి చదువవలెనను కోరిక యిచటివారికి సహజముగా గలుగును.

ముందుగా నొక పాఠవిచారము. లంకను జయించిన పిమ్మట రాముడు లక్ష్మణునితో, ఈ నగరము బంగారముదైనను నాకు రుచింపదనియు, కన్నతల్లియు పుట్టిననేలయు స్వర్గముకంటె మిన్న యనియు బలికెనని చెప్పు శ్లోకము లోకమున మిక్కిలి ప్రసిద్ధము. రాముడు లంకలో నేల నిలువలేదని విద్యార్థి యడిగినచో ఉపాధ్యాయు డీ శ్లోకమును జదివి యూరకుండును. కాని బరోడా ప్రాచ్యవిద్యామందిరమువారు వెలువరించిన సంశోధితప్రతిలో నీ శ్లోకము లేదు. దీనికి మూలమున స్థానము లేదని చెప్పుటచేత దేశభక్తికి లోపము గలుగదు. లోప మెవరికైన గలుగునేని అది శ్లోకమును నమ్మి మూలమును విడిచిన పాఠకునకే. ఏలయన, ఆ శ్లోకము ప్రకారము రాముని నివృత్తికి హేతువు మమకారము. మూలము ప్రకారము హేతువు కార్యసమాప్తి. ఈ రెండింటికిని భేద మెంతయో కలదు. మమకారము బలహీనమైనచో, లేక క్రొత్తనేల రుచించినచో, నిలువవచ్చునను వాదమునకు జోటు దొరకును. కార్యసమాప్తిని బట్టి నడచువానికి అట్టి చోటు లేదు.

ఇపుడు మూలమునందలి క్రమమును జూతము. విభీషణుడు శరణు వేడిన సందర్భమున సుగ్రీవుడు, అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు, హనుమంతుడు తమతమ యభిప్రాయములను దెలిపిరి. సంశయించినవారే యెక్కువ. అందఱి మాటయు విని రాము డతనిని స్వీకరించి, సముద్రజలమును దెప్పించి, లక్ష్మణునిచేత నతనికి లంకారాజ్యాభిషేకము చేయించెను. అప్పటికి సేతువు కట్టబడలేదు; ఒక్క వానరవీరుడైనను యుద్ధార్థము లంకలో నడుగిడలేదు. అనగా, యుద్ధానంతర మాదేశము నెవరి చేత బెట్టవలెనను విషయము సేన కడలి దాటకముందే తేలినది. కార్యమేమి యనుటయు ముందే తేలినది: సీతను దెచ్చుట, దానికడ్డమైన రావణుని దొలగించుట. లంకను బాలించుట యా కార్యమున జేరలేదు.

రావణుడు పడిన పిదప, శవము నెదుట బెట్టుకొని యేమిచేయుటయో తోచక యున్న విభీషణునితో రాముడు, వైరము మరణముతో దీరినదనియు, తమ ప్రయోజనము నెరవేరినదనియు జెప్పి యుత్తరక్రియలు చేయుమనెను. పిదప పట్టాభిషేకము. వనవాసనియమమునకు బద్ధుడగుటచే రాముడు నగరమున బ్రవేశింపలేదు; లక్ష్మణుడు పోయి యభిషేకము నెరవేర్చెను. పౌరులైన రాక్షసులు పెరుగు, అక్షతలు, మోదకములు, లాజలు, పుష్పములు గొనివచ్చి క్రొత్తరాజునకు సమర్పించిరని కవి వివరముగా జెప్పినాడు. ఈ వివరము వ్యర్థము గాదు. రాజు నిలిపినవాడు పరదేశి. అతనిని రాజుగా నంగీకరించినవారు స్వదేశీయులు. రెండవది లేనిచో మొదటిది నిలువదని కవి యెఱుగును.

దీనికంటెను సూక్ష్మమైన యంశము తరువాత వచ్చును. సీతకు జయవార్త దెలుపుటకై హనుమంతుని బంపునపుడు రాముడు, ముందుగా విభీషణమహారాజు ననుమతి గైకొని పిమ్మట నగరమును బ్రవేశింపుమని యాజ్ఞాపించెను. ఆ నగరమును గాల్చినవాడు హనుమంతుడు. దానిని గెలిచినవాడు రాముడు. అచట రాజును నిలిపినవాడును రాముడే. ఐనను, రాజు నిలిచిన క్షణము మొదలు ఆ నగరద్వారమున అనుమతి యడుగవలసినవారు గెలిచినవారే. నా యెఱిగినంతలో సేనానివృత్తికి ఇదియే మొదటి యడుగు. బలగము మరలుట తరువాత జరుగును. అధికారము మరలుట యిచ్చట జరిగినది. హనుమంతుడు సీతను బాధించిన రాక్షసస్త్రీలను జంపుట కనుజ్ఞ వేడగా, వారు రాజాజ్ఞకు లోబడి చేసినవారని సీత వారించుటయు నీ సందర్భముననే. కార్యము ముగిసిన పిదప సేన చేయు ప్రతిపని క్రొత్తయుద్ధమునకు విత్తనమగునని ఇందుచే గ్రహింపవచ్చును.

అటుపిమ్మట విభీషణుడు రాముని స్నానాలంకారములు స్వీకరింపుమనియు, కొన్నాళ్లు తన యాతిథ్యము గైకొని సేనతోగూడ నిలువుమనియు బ్రార్థించెను. ఇది శత్రువు నిర్బంధము గాదు; మిత్రుని ప్రార్థన. దేశాధిపతియే నిలువుమనుచున్నాడు. ఐనను రాముడు, భరతుడు తనకై తపించుచున్నాడనియు, తల్లులను జూడ మనసు త్వరపడుచున్నదనియు వినయముగా జెప్పి, పని తీరినవానికి ఇంకనిచట వాస మెట్లు తగునని ప్రశ్నించెను. పూర్వోక్తమైన ప్రసిద్ధశ్లోకము మరపింపజేసిన వాక్యమిదియే. పిలిచినవాడు నిలువుమన్నను, పని లేనిచో నిలువరాదు. అపుడు పొమ్మనువాడు వచ్చువఱకు వేచియుండుట యెంత యనుచితమో వేఱుగ జెప్పవలసిన పనిలేదు.

మరలుట కొక కాలనియమమును గలదు. కాని యది లంకలో నేర్పడినది కాదు, అయోధ్యలో నేర్పడినది. పదునాలుగేండ్లు నిండిన మరునాడు రాముడు రాకున్నచో నగ్నిప్రవేశము చేయుదునని భరతుడు ప్రతిన బూనియుండెను. స్వదేశమున నొకడు దినములు లెక్కించుచుండుటచేత పరదేశమందున్నవానికి దినముల విలువ తెలిసినది. సేన యొక్క గడువునకు గాపరి సేనాధిపతి గాడు, అతనికై యింట వేచియున్నవాడు. ఈ సూత్రమును రాజనీతిగ్రంథములు చెప్పకపోవచ్చును గాని ప్రతి సిపాయియింటను అది తెలిసినదే.

గడువు దప్పినవారి స్థితి యెట్లుండునో కవి కిష్కింధాకాండమున ముందే చూపినాడు. సీతాన్వేషణమునకు సుగ్రీవు డొక నెల గడువిచ్చెను. దక్షిణదిక్కునకు బోయిన అంగదాదులు ఋక్షబిలమున స్వయంప్రభయొద్ద నుండగా గడువు గడచిపోయెను. పని కాలేదు, కాలమును దాటినది. అప్పుడు వారిలో గలిగిన వాదము మిక్కిలి విచారణీయము. మరలిపోయినచో దండనము తప్పదని అంగదుడు భయపడెను. ఫలజలసమృద్ధమైన యా బిలముననే స్థిరముగా నుండిపోదమని తారుడను వానరుడు సూచించెను. అది నిలువదగిన యుపాయము గాదని హనుమంతుడు ఖండించెను. తుదకు పలువురు ప్రాయోపవేశమునకు సిద్ధపడిరి. గడువు దాటిన సేనకు మూడే మార్గములు తోచునని యిందుచే దేలుచున్నది: అవమానభయముచే మరలకుండుట, ఉన్నచోటనే యుండిపోవుట, లేక చచ్చుట. నాలుగవమార్గము, అనగా పని యేమని మరల విచారించుట, సంపాతి కనబడువఱకు వారికి దోచలేదు.

గ్రీకుల ఇలియడ్డునందును ఇట్టి ఘట్టము గలదు. తొమ్మిదేండ్లు ట్రాయినగరముఖమున విడిసిన సేనను బరీక్షింపదలచి అగమెమ్నాను డింటికి బోదమనగా, సైనికులు నిజమని నమ్మి యోడలవైపు పరుగిడిరి. ఒడిస్సియుసు వారిని నివారించెను. మరలిపోవుటయే మేలని ధైర్యముగా వాదించిన థెర్సిటీసును దండముతో గొట్టెను. తక్కినవారు నవ్విరి. ఆ కవి థెర్సిటీసును కురూపిగా వర్ణించెనేగాని యాతని ప్రశ్నకు సమాధానము చెప్పింపలేదు. రెండు కావ్యములకును గల తారతమ్యమును విలువ గట్టుట నా యుద్దేశము కాదు. ఒకచోట నెంతకాలమను ప్రశ్నను సామాన్యసైనికు డడిగి దెబ్బతినెను. ఇంకొకచోట నాయకుడే తన్ను దా నడిగికొనెను. ప్రశ్న రెండుచోట్లను కవుల చూపున బడినదని మాత్రము గుర్తింపవలెను.

మన తెలుగుదేశచరిత్రలోను కార్యము తీరగనే సరిహద్దు గుర్తించి నిలిచిన యుదాహరణ మొకటి కలదు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని సాధించి, ఉత్తరమునకు నడచి సింహాచలమున 1516లో శాసనము వేయించి, పొట్నూరున జయస్తంభము నాటించెను. కాని ప్రతాపరుద్రగజపతితో సంధి కుదిరినపుడు కృష్ణానదికి ఉత్తరమునగల భూములను గజపతికి మరల నిచ్చివేసెను. ఆముక్తమాల్యదలోని రాజనీతిభాగమున ఆదాయమును నాలుగుపాళ్లు చేసి రెండు పాళ్లు సేనకే వినియోగింపవలెనని చెప్పిన ఱేడీతడు. సైన్యవ్యయ మెఱుగనివాడు గాడు. వ్యయ మెఱిగినవాడు గావుననే కృష్ణకు దక్షిణముననున్న దుర్గములను నిలుపుకొని, ఉత్తరభూములను విడిచెనని తలచుట సమంజసము.

ఇక 1987 నాటి వృత్తాంతము. ఆ సంవత్సరము జూలై 29వ తేదిని కొలంబోలో రాజీవ్ గాంధీయు శ్రీలంకాధ్యక్షుడు జయవర్ధనయు నొడంబడికపై సంతకములు చేసిరి. ఉత్తరపూర్వమండలములయందలి తమిళులకు స్వపరిపాలనాధికారము లిచ్చుటయు, సాయుధులైన తమిళదళములు ఆయుధములను అప్పగించుటయు, అధ్యక్షుడు కోరినచో భారతసేన వచ్చి శాంతికి బూటపడుటయు దానిలోని ముఖ్యాంశములు. మరునాడే సేన యాళ్పాణమున దిగినది. యుద్ధము నిలిచిన 72 గంటలలో ఆయుధముల నప్పగింపవలెనని యొడంబడికలో గలదు. ఆయుధముల గడువును గంటలతో లెక్కించిరి. సేన మరలుటకు మాత్రము దినమును గాని, మాసమును గాని, దానికి గుర్తుగా నొక కార్యమును గాని వ్రాయలేదు. యుద్ధకాండమును జదివిన కన్నులతో నా పత్రమును జదువువాని కీలోపము వెంటనే కనబడును.

అక్టోబరు నెలలో పని మారినది. ఆయుధములను బుచ్చుకొనుటకై పోయిన సేన, వానిని విడువనొల్లని తమిళపులులతో యుద్ధమునకు దిగినది. యాళ్పాణనగరమునకై ఘోరయుద్ధము జరిగినది. ఆ నెల 21వ తేదిని యాళ్పాణపు ఆస్పత్రిలో సేన ప్రవేశించినపుడు వైద్యులు, పరిచారికలు, రోగులు కాల్పులలో మరణించిరి. రక్షింపవచ్చినవారని పూలమాలలతో నెదుర్కొన్న ప్రజలకే యా సేన భీతిహేతు వయ్యెను. సిపాయిలపక్షమునను దుఃఖ మల్పము గాదు: తెలియని వీథులలో, శత్రువెవడో పౌరుడెవడో యెఱుగరాక, తామేల పోరుచున్నారో స్పష్టముగా వినకయే వారు ప్రాణములొడ్డిరి. సేన క్రమముగా డెబ్బదివేలకు మించి పెరిగినది. ఏబదినాలుగవ విభాగముతో మొదలైనది మరికొన్ని విభాగములను గూడ లాగుకొన్నది.

1988 నవంబరున ఉత్తరపూర్వమండలమున ఎన్నిక జరిగినది. పులులు దానిని బహిష్కరించిరి. డిసెంబరున వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి యయ్యెను. 1989 జనవరిలో శ్రీలంకాధ్యక్షపదవి నధిష్ఠించిన ప్రేమదాస, ఆ జూన్ మొదటితేదిని, జూలై నెలాఖరునాటికి భారతసేన యావత్తు వెడలిపోవలెనని బహిరంగముగా గోరెను. ఇదియే యా ప్రసిద్ధమైన వాదమునకు మొదలు.

నిలువవలెనన్నవారి పక్ష మిట్లుండెను. ఒడంబడికలో నిచ్చిన యధికారములు తమిళులకు ఇంకను జేరలేదు. వాగ్దానము చెల్లకముందే మరలుట వంచన. మనలను నమ్మి యెన్నికలలో నిలిచినవారిని పులుల నోట విడిచిపోరాదు. ఒకడు నిర్దేశించిన దినమున బరుగెత్తుట గౌరవము గాదు. రాజీవ్ గాంధీ ప్రభుత్వము, అందు విదేశమంత్రి నరసింహారావుగారును, అధికారవితరణమును, తమిళుల భద్రతను సేన మరలుటతో ముడిపెట్టుటకు గారణమిదియే. మరలవలెనన్నవారి పక్షమును దుర్బలము గాదు. పిలిచిన ప్రభుత్వమే పొమ్మన్నపుడు నిలుచుట యాక్రమణము. రక్షింపబోయిన ప్రజ లోకప్పటివలె ఆదరించుటలేదు. కార్యమేదో స్పష్టముగా జెప్పలేని యుద్ధమున సిపాయిని జావుమనుట అధర్మము. తుదకు 1989 సెప్టెంబరున ఉభయప్రభుత్వములకు నొప్పందము కుదిరి నిష్క్రమణము సాగినది. డిసెంబరున ప్రధానమంత్రియైన విశ్వనాథ ప్రతాప సింహుని ప్రభుత్వకాలమున, 1990 మార్చి 24వ తేదిని కడపటి దళము త్రికోణమలైనుండి యోడనెక్కినది.

ఈ రెండుపక్షములలో నేది సరి యని యడుగుట వాడుక. నా మతమున రెండును ఒక్క దోషమునకే లోనైనవి. ఉభయులును తేదిని గూర్చి వాదించిరి. కార్యమును గూర్చి వాదింపలేదు. యుద్ధకాండము తెలుపు క్రమమున బ్రథమప్రశ్న యెన్నడు మరలుట యనునది కాదు. వచ్చిన పని యేది, అది తీరినదా, మారినదా యనునది. 1987 అక్టోబరున పని మారినది. శాంతిరక్షణము యుద్ధమైనది. ఆ దినముననే క్రొత్తపని యేమనియు, అది తీరుటకు గుర్తేమనియు, తీరిన పిదప ఎవరికి అప్పగింపవలెననియు మొదటినుండి విచారింపవలసి యుండెను. అట్టి విచారము ప్రజలయెదుట జరుగలేదు. ఇరువదినెలలు గడచిన పిదప, అతిథిని గృహస్థుడు లెమ్మన్నపుడు, అది గడువును గూర్చిన కలహముగా బైటబడినది. స్వయంప్రభాబిలమున అంగదునకు గలిగిన యవస్థయే ప్రభుత్వమునకు గలిగినది: పని కాలేదు, కాలము దాటినది, మరలుటకు సిగ్గు.

ఇందు కొక బలమైన యాక్షేపము గలదు. రామాయణమును జరిత్రకు గొలతకోలగా బెట్టుట న్యాయమా? రాముడు లంకాధిపతికి శత్రువుగా బోయెను. మన సేన లంకాధిపతి పిలువగా బోయెను. రామునకు శత్రు వొక్కడే, అతడు చచ్చెను. మన సేనకు శత్రువు వనములలో జొచ్చెను. లంకలో విభీషణుడుండెను, 1989లో నట్టివా డెవడు? ఈ భేదములన్నియు నిజమే. నేను వానిని దాచుట లేదు. అవియే నాకు ఉపకరించుచున్నవి. విభీషణుడు రాజవంశజుడు, పౌరులచే లాజపుష్పములతో నంగీకృతుడు. అతనిని నిలుపుటకు లంకలో నొక్క వానరుడైనను మిగులవలసిన యక్కర లేకపోయెను. సేనయంతయు పుష్పకమెక్కి యయోధ్యకు బోయినది. విభీషణుడును కూడ బోయెను, రాజ్యము చలింపలేదు. పెరుమాళ్ ప్రభుత్వమో, సేన యున్నంతకాలమే నిలిచినది. 1990 మార్చిలో సేనతోపాటే అతడును భారతదేశము చేరవలసి వచ్చెను. సేన లేనిచో నొక్కనెల నిలువని ప్రభుత్వము సేన మరికొన్నియేండ్లున్నను నిలువదు. కావున, ఎవరిని నిలుపవలెనను ప్రశ్న సముద్రమునకు ఈవలి యొడ్డుననే తేలవలెనని కవి పెట్టిన క్రమము, పోలిక లేనిచోటనే మరింత సత్యముగా గనబడుచున్నది.

మరలుటచేతనే సర్వము చక్కబడునని తలచుటయు బొరపాటే. సేన వెడలిన మూడునెలలకే, 1990 జూన్‌లో, లంకాప్రభుత్వమునకును పులులకును మరల యుద్ధము రగిలినది; అది 2009 మే వఱకు, నడుమ సంధులు కుదిరినను, తెగక సాగినది. సేనను బంపిన రాజీవ్ గాంధీ 1991 మే 21వ తేదిని శ్రీపెరుంబుదూరున పులుల కుట్రచే హతుడయ్యెను. నెలదినములకు నరసింహారావుగారు ప్రధానమంత్రి యైరి. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలను సహస్రఫణ్ అను పేర హిందీలోని కనువదించిన యా పండితుడు, ఆ విశ్వనాథవారే రచించిన రామాయణకల్పవృక్షము నెఱుగనివాడు గాడు. రామకథ నెఱిగినవారికే రాజ్యతంత్రము చేతబడినను, కథలోని క్రమము తంత్రములోనికి దిగుట యెంత దుష్కరమో యిందుచే దెలియును. ఇది యొక వ్యక్తిపై మోపిన నింద కాదు. ఆయన మంత్రి యగునప్పటికే సేన లంకలో దిగి సంవత్సరము కావచ్చినది. మొదటివిచారము లేకపోయిన లోపమును దరువాతివా రెవరును పూరింపజాలరు.

ఇంకొక విషయము చెప్పక ముగింపరాదు. రావణవధానంతరము ఇంద్రుడు ప్రత్యక్షమై వరము కోరుమనగా, రాముడు రాజ్యమును గోరలేదు, ఆయువును గోరలేదు. తనకై వచ్చి యుద్ధమున జచ్చిన వానరులు మరల బ్రతికి తమ భార్యాబిడ్డలను జేరవలెనని కోరెను. వారు నిద్రనుండి లేచినట్లు లేచిరి. పిమ్మట విభీషణునిచే వారికి ధనరత్నములతో సత్కారము చేయించెను. కొందఱు విమర్శకు లీ ఘట్టమును అద్భుతరసపోషకమనియు, మరికొందఱు ప్రక్షిప్తమనియు దలచుట కలదు. నాకు మాత్ర మిది సేనానివృత్తికి అవశ్యాంగముగా దోచుచున్నది. సేన యెంతకాలము నిలువవచ్చునని నిర్ణయించువాడు, తుదిదినమున మృతులందఱి నిమిత్తమును వర మడుగవలసినవానివలె నిర్ణయింపవలెను. అట్టివాడు ఒక్కదినమైనను వ్యర్థముగా నిలుపడు. మన సేనలో 1,100 మందికి మించి లంకలో మడిసిరి. వారి కింద్రుడు రాలేదు. మరలినవారు 1990 మార్చిలో మద్రాసురేవున దిగినపుడు, ఆ రాష్ట్రముఖ్యమంత్రి స్వాగతమునకు బోనొల్లలేదు. తమిళుల రక్తము చిందించిన సేన యని యాయన హేతువు. మృతులకు స్మారకము కొలంబోచెంత శ్రీ జయవర్ధనపుర కోట్టెలో లంకాప్రభుత్వము నిర్మించినది. పొమ్మన్నవా రైనను చచ్చినవారిని దలచిరి.

వాల్మీకిహృదయమును దెనుగునకు దెచ్చినవారు కొఱతపడలేదు. గోన బుద్ధారెడ్డి ద్విపదమున, హుళక్కి భాస్కరాదులు చంపువున, మొల్ల సంగ్రహముగను రచించిరి. వావిలికొలను సుబ్బారావుగారు మూలము ననుసరించి ఆంధ్రవాల్మీకిరామాయణమును రచించి మందరమను వ్యాఖ్యానమును సంతరించిరి. ఐనను పాఠశాలలలో రావణవధకును పట్టాభిషేకమునకును నడుమనున్న భాగము పాఠ్యముగా నిలుచుట యరుదు. యుద్ధమెట్లు గెలువవలెనో బాలురకు నేర్పుచున్నాము; గెలిచినచోటినుండి యెట్లు రావలెనో నేర్పుటలేదు. ఈ భాగమును పాఠ్యమున జేర్పవలెనని నా విన్నపము.

కీసరగుట్టకు దిరిగి వత్తము. ఆ స్థలమునకు విష్ణుకుండినులనాటి శిథిలములు సాక్ష్యమిచ్చుచున్నవి. రామకథ మాత్రము స్థలపురాణమేకాని వాల్మీకమున లేదు. ఐనను దానిలో నొక యర్థము గలదు. లింగమును దెచ్చుటకై రాముడు హనుమంతుని కాశికి బంపెననియు, అతడు సకాలమున రాకపోగా ముహూర్తము మించిపోకుండుటకై శివుడే లింగము నొసగెననియు, ఆలసించి వచ్చిన హనుమంతుడు ఖిన్నుడై తాను దెచ్చిన లింగములను గుట్టపై విసరివైచెననియు జెప్పుదురు. నేటికిని ఆ లింగములు గుట్టయంతట జెదరియున్నవి. ధర్మయుద్ధము చేసినవానికిని ప్రాయశ్చిత్తము గలదు; ప్రాయశ్చిత్తమునకును గడువు గలదు; గడువు దప్పినవాని శ్రమ, భక్తుని శ్రమయే యైనను, గుట్టమీద జెదరిపోవును. ఇంతమాత్రము గ్రామస్థులైన పురాణకర్తలు గ్రహించి కథలో బెట్టినారు. పండితు లీ యంశములను బరిశీలించి, నా పాఠవిచారమున దోషమున్నచో దెలుపుదురుగాక.